అనుభవం ఉంటేనే ఉద్యోగం.. ఉద్యోగం ఇస్తేనే అనుభవం!

పట్టా పుచ్చుకున్న నర్సులకు గగనమవుతున్న తొలి కొలువు
ఆసుపత్రుల చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతున్న పల్లె అమ్మాయిలు

ఖమ్మం: పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్నట్లుగా ఉంది కొత్తగా నర్సింగ్ పాసైన వారి పరిస్థితి. ఏ ఆసుపత్రి మెట్లెక్కినా ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. 'అనుభవం ఎన్నేళ్లు?' నిన్నగాక మొన్న కళాశాల నుంచి బయటకు వచ్చిన పిల్లకు అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరో ఒకరు తొలి ఉద్యోగం ఇస్తేనే కదా అది వచ్చేది. ఆ ఒక్కరు దొరకకే ఉమ్మడి ఖమ్మం జిల్లా పల్లెల్లో ఎందరో నర్సులు పట్టాలను పెట్టెలో దాచుకుని ఇంటిపట్టున కూర్చుంటున్నారు.

వింత ఏమిటంటే, నర్సులు లేరని ఆసుపత్రులు అంటున్నాయి. ఆసుపత్రులు తీసుకోవడం లేదని నర్సులు అంటున్నారు. ఇద్దరి మాటా నిజమే. ఈ రెండు నిజాల నడుమ నలిగిపోతున్నది మాత్రం అప్పుచేసి బిడ్డను చదివించిన రైతు, కూలి కుటుంబాలే.

కొండంత ఆశతో..

ఇంటర్మీడియట్ తరువాత ఆడపిల్లను ఏం చదివించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు పల్లెల్లో చాలామందికి తోచే దారి నర్సింగ్. డాక్టరు చదువు అందని మాట. డిగ్రీ చదివితే ఉద్యోగం వస్తుందన్న నమ్మకం లేదు. 'నర్సు ట్రైనింగు అయితే వెంటనే డ్యూటీ వస్తుంది, రోగాలున్నంత కాలం ఆసుపత్రులు ఉంటాయి' అన్న మాట ఊరూరా వినిపిస్తుంది. జీఎన్ఎం కోర్సు మూడేళ్లు. బైపీసీ చదివిన వారికి బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. పల్లెలో పనిచేసే ఏఎన్ఎం కోర్సు రెండేళ్లు.

ప్రభుత్వ సీటు వచ్చిన వారి సంగతి వేరు. అవి కొద్దే. మిగిలిన వారు ప్రైవేటు కళాశాలలకే పోవాలి. ఫీజు ఒక్కటే కాదు. హాస్టలు, యూనిఫాం, పుస్తకాలు, రికార్డులు, ప్రాక్టికల్స్ కోసం ఆసుపత్రులకు తిరిగే బస్సు ఖర్చులు అన్నీ కలిసి తడిసి మోపెడవుతాయి. మిర్చి పండిన ఏడు కొంత, మహిళా సంఘంలో తీసుకున్న లోను కొంత, తల్లి మెడలోని పుస్తెలతాడు తాకట్టు పెట్టింది కొంత చేర్చి చదివించిన కుటుంబాలు జిల్లాలో కోకొల్లలు. మిర్చి ధర పడిపోయిన ఏడు ఫీజు కట్టేందుకు వడ్డీ వ్యాపారి గడప తొక్కిన వారూ ఉన్నారు.

కుసుమంచి మండలంలోని ఒక గ్రామానికి చెందిన కౌలు రైతు తన పెద్ద కుమార్తెను జీఎన్ఎం చదివించారు. ఆమె ఉద్యోగంలో చేరితే చిన్నదాన్ని ఆమే చదివిస్తుందన్నది ఆ తండ్రి లెక్క. పెద్దమ్మాయి పాసై ఏడాది దాటింది. చిన్నమ్మాయి ఇంటర్ పూర్తయింది. ఇప్పుడు చిన్నదాన్ని ఏ చదువులో వేయాలో ఆయనకు దిక్కుతోచడం లేదు. 'నేను నర్సింగుకు పోను నాన్నా' అని చిన్నపిల్ల తెగేసి చెప్పింది. అక్క అవస్థ ఆమె కళ్లారా చూస్తూనే ఉంది మరి.

పాసైనా చేతికి రాని కాగితాలు

పరీక్ష పాసైన మరునాడే నర్సు అయిపోయినట్లు కాదు. మార్కుల మెమోలు, పట్టా, కళాశాల ఇచ్చే ధ్రువపత్రాలు తీసుకుని హైదరాబాద్‌లోని రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. అప్పుడే ఆమె చట్టప్రకారం రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్. ఆ నంబరు లేనిదే పేరున్న ఏ ఆసుపత్రీ దరఖాస్తు తీసుకోదు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతోంది. ఫీజు రీయింబర్స్‌మెంటు సొమ్ము ప్రభుత్వం నుంచి రాలేదనే కారణంతో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపుతున్న కళాశాలలు ఉన్నాయి. 'మీ బాకీ మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం' అన్నది వారి మాట. కట్టేందుకు చేతిలో డబ్బు ఉంటే ఆ పథకంపై ఆధారపడి చదివేవారే కాదు కదా అని తల్లిదండ్రులు వాపోతున్నారు. సర్టిఫికెట్లు లేక రిజిస్ట్రేషన్ ఆగుతుంది. రిజిస్ట్రేషన్ లేక ఉద్యోగం ఆగుతుంది. ఉద్యోగం లేక బాకీ తీరదు. ఇలా నెలలు గడిచిపోతున్నాయి.

గేటు దగ్గరే అడ్డుపుల్ల

కాగితాలన్నీ చేతికొచ్చిన వారు సంచిలో ఫైలు పెట్టుకుని ఖమ్మం పట్టణానికి వస్తారు. ప్రైవేటు ఆసుపత్రులు వరుసగా ఉన్న వీధుల్లో ఒక్కొక్క గుమ్మమే ఎక్కుతారు. రిసెప్షన్‌లో ఫోను నంబరు రాసుకుని 'కబురు చేస్తాం' అంటారు. ఆ కబురు రాదు. కొన్నిచోట్ల లోపలికి పిలిచి మాట్లాడతారు. 'ఐసీయూలో చేశావా? ఆపరేషన్ థియేటర్‌లో చేశావా? నరం దొరకబుచ్చుకుని సెలైన్ పెట్టగలవా?' అని అడుగుతారు. చదువుకునేటప్పుడు చేశానంటే, 'అది చదువు, అనుభవం కాదు' అంటారు.

పోనీలే అని తీసుకునే వారు కూడా ఉద్యోగం అనరు, 'ట్రైనీ' అంటారు. మొదటి మూడు నెలలు జీతం లేకుండా, లేదా బస్సు ఛార్జీలకు సరిపడా ఇచ్చి పని చేయించుకునే ఆసుపత్రులు ఉన్నాయి. కొన్నిచోట్ల అది ఆరు నెలలు. ఆ తరువాత ఇచ్చేది కూడా గది అద్దె, తిండి ఖర్చులు పోను ఇంటికి పంపేందుకు మిగలదు. పన్నెండు గంటల డ్యూటీ. నైట్ డ్యూటీలో వార్డంతటికీ ఒక్కతే. అనుభవం లేదని జీతం తగ్గించిన యాజమాన్యమే, అర్ధరాత్రి వార్డులోని రోగులందరినీ ఆ అనుభవం లేని పిల్లకే అప్పగించి పోతున్నది.

మరికొన్ని ఆసుపత్రులు చేరేటప్పుడే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెడుతున్నాయి. రెండేళ్లు పని చేస్తానని బాండు రాయించుకుంటున్నాయి. మధ్యలో మానేస్తే ఇంత సొమ్ము కట్టాలని షరతు. ఈ బాండు పద్ధతి కూడదని భారత నర్సింగ్ మండలి 2011లోనే సర్క్యులర్ ఇచ్చింది. అయినా పల్లె నుంచి వచ్చిన పిల్లకు ఆ సంగతి చెప్పేవారెవరు? తెలిసినా, చేతికందిన ఒక్క ఉద్యోగాన్ని కాదని ఎలా అడుగుతుంది?

తెల్లకోటు వేసిన వారంతా నర్సులు కారు

చిన్న నర్సింగ్ హోముల్లో మరో తంతు నడుస్తున్నది. పదో తరగతి, ఇంటర్ చదివిన అమ్మాయిలను తీసుకుని, నాలుగు నెలలు సూదులు వేయడం, బీపీ చూడడం నేర్పి, తెల్లకోటు తొడిగి వార్డులో నిలబెడుతున్నారు. రోగికి ఆమె నర్సే. బంధువులకు ఆమె సిస్టరే. జీతం మాత్రం చదువుకున్న నర్సు అడిగే దానిలో సగం. అదే పనికి సగం జీతానికి మనిషి దొరుకుతుంటే, మూడేళ్లు చదివిన నర్సును తీసుకోవడం దేనికన్నది యాజమాన్యాల ఆలోచన.

ఇది నర్సుల ఉపాధికి సంబంధించిన గొడవ మాత్రమే కాదు. మందు మోతాదులో పొరపాటు జరిగినా, సెలైన్‌లో కలపకూడని మందు కలిపినా, రక్తం ఎక్కించేటప్పుడు వచ్చే వణుకును, దద్దుర్లను సకాలంలో గుర్తించకపోయినా ప్రాణం పోయేది రోగిదే. నర్సుకు మూడేళ్లు చదువు చెప్పేది సూది వేయడం కోసమే కాదు. ఎప్పుడు వేయకూడదో తెలియడం కోసం. ఆసుపత్రికి వెళ్లే పల్లె ప్రజలు కూడా 'ఇక్కడ రిజిస్టర్డ్ నర్సు ఉన్నారా?' అని అడగడం అలవాటు చేసుకోవాలి.

యాజమాన్యాల వాదన

ఆసుపత్రుల వారు చెప్పేది కూడా వినవలసిందే. కొత్తగా పాసైన వారిలో చాలామందికి చేతి పని రావడం లేదన్నది వారి ఫిర్యాదు. పసిపిల్ల చేతికి నరం దొరకబుచ్చుకోలేరు, వెంటిలేటరు దగ్గరికి వెళ్లేందుకు భయపడతారు, ఆరు నెలలు కష్టపడి నేర్పితే మరుసటి నెలలోనే హైదరాబాద్ వెళ్లిపోతారు అని అంటున్నారు. నేర్పేది మేము, ఫలితం మరొకరికా అన్నది వారి బాధ.

ఇందులో నిజం లేకపోలేదు. అయితే తప్పు పిల్లలది కాదు. నర్సింగ్ చదువులో సగం పుస్తకంలో, సగం వార్డులో. ప్రాక్టికల్స్‌లో ప్రతి విద్యార్థికి ముగ్గురు రోగులైనా ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి పెట్టిన కొలత. కళాశాలకు సొంత ఆసుపత్రి ఉండాలని, అందులో 100 పడకలైనా ఉండాలని కూడా మండలి చెబుతున్నది. కాగితం మీద పడకలుండి, వాటిలో రోగులు లేని చోట చదివిన పిల్లకు పని ఎలా వస్తుంది? సొంత ఆసుపత్రిలో పనిలేక అన్ని కళాశాలల పిల్లలూ సర్కారు దవాఖానాకే వస్తే, ఒక్క మంచం చుట్టూ పదిమంది నిలబడతారు. ముందు నిలబడిన వారు నేర్చుకుంటారు. వెనుక నిలబడిన వారు చూస్తారు. చివర నిలబడిన వారు రికార్డులో రాసుకుంటారు.

ఏన్కూరు మండలానికి చెందిన ఒక అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పాసై రెండేళ్లయింది. చదువుకునే రోజుల్లో కాన్పుల వార్డులో ఆమెకు మంచి పేరు ఉండేది. ఎన్ని కాన్పులు చూసిందో, ఎన్ని స్వయంగా చేసిందో కేసు పుస్తకంలో సిస్టర్ల సంతకాలతో సహా ఉన్నది. ఆ పుస్తకాన్ని తెరిచి చూసిన ఆసుపత్రి ఒక్కటీ లేదని ఆమె అంటున్నారు. ఇప్పుడామె ఖమ్మంలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తున్నారు. ఆసుపత్రిలో ఇస్తామన్న దానికంటే అక్కడే జీతం ఎక్కువ. కానీ చేతి పని అన్నది వాడకపోతే తుప్పు పట్టే కొడవలి వంటిది. ఇంకో ఏడాది పోతే తనకే తన చేతి మీద నమ్మకం ఉండదని ఆమె భయం.

సర్కారు కొలువుకూ అదే ముడి

ప్రైవేటు పోతే పోయింది, ప్రభుత్వ ఉద్యోగం రాసి గెలుద్దామనుకునే వారికి అక్కడ కూడా అనుభవమే అడ్డు వస్తున్నది.

తెలంగాణలో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులను వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు భర్తీ చేస్తుంది. 2022 డిసెంబరు 30న 5,204 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. 2023 ఆగస్టు 2న పరీక్ష జరిగింది. తరువాత పోస్టులు పెరిగి, 2024 జనవరి 31న హైదరాబాద్‌లో సుమారు 7 వేల మందికి నియామక పత్రాలు ఇచ్చారు. 2024 సెప్టెంబరులో మరో 2,050 పోస్టులకు ప్రకటన వెలువడింది. వేల కుటుంబాల్లో దీపం వెలిగించిన నియామకాలు ఇవి. కాదనలేం.

అయితే మార్కుల లెక్క చూడాలి. మొత్తం 100. అందులో రాత పరీక్షకు 80. మిగిలిన 20 మార్కులు రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో పనిచేసిన వారికి. 2024 నోటిఫికేషన్ ప్రకారం గిరిజన ప్రాంతంలో ఆరు నెలల సర్వీసుకు 2.5 మార్కులు, మిగతా చోట్ల ఆరు నెలలకు 2 మార్కులు. అంటే భద్రాచలం ఏజెన్సీలో నాలుగేళ్లు, మైదానంలో అయిదేళ్లు చేసిన వారికి 20 మార్కులూ వస్తాయి. కొత్తగా పాసైన పిల్లకు సున్న.

ఉదాహరణకు కొత్త పిల్లకు రాత పరీక్షలో 65 వచ్చాయనుకుందాం. అయిదేళ్లు కాంట్రాక్టుపై చేసిన నర్సుకు 50 వచ్చాయనుకుందాం. రెండో ఆమె మొత్తం 70. ఉద్యోగం ఆమెదే. తక్కువ జీతానికి, ఎప్పుడు తీసేస్తారో తెలియని కొలువులో అడవి ఊళ్లలో అయిదేళ్లు సేవ చేసిన నర్సుకు న్యాయం జరగవద్దని ఎవరూ అనరు. 2020, 2021 కరోనా కాలంలో ప్రాణాలకు తెగించి పనిచేసిన వారు వారే. 2021 జులైలో వెయ్యిమందికి పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను ఒక్కసారిగా తొలగిస్తే హైదరాబాద్ వీధుల్లో మొరపెట్టుకున్న వారూ వారే. వారి మార్కులు వారికి దక్కవలసిందే. మరి కొత్తవారికి ఆ మార్కులు సంపాదించుకునే దారి ఏది? కాంట్రాక్టు పోస్టు దొరకాలన్నా ఖాళీ ఉండాలి, ప్రకటన వెలువడాలి. ఔట్‌సోర్సింగ్ సంస్థ ద్వారా అయితే ఎవరి చెయ్యో తడపాలన్న ఆరోపణలు ఏళ్ల తరబడి ఉన్నాయి.

ఇక్కడే మరో మెలిక. ప్రైవేటు ఆసుపత్రిలో పదేళ్లు చేసినా ఈ 20 మార్కుల్లో ఒక్కటీ రాదు. ప్రభుత్వ సర్వీసు మాత్రమే లెక్క.

ఎయిమ్స్ సంస్థల్లో నర్సింగ్ ఆఫీసర్ల కోసం జరిగే నార్సెట్ పరీక్షలో వేరే నిబంధన ఉంది. బీఎస్సీ నర్సింగ్ వారు అనుభవం లేకున్నా రాయవచ్చు. జీఎన్ఎం వారికి మాత్రం కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. మన మండల కేంద్రాల్లోని నర్సింగ్ హోముల్లో 50 పడకలు ఉన్నవెన్ని? 20 పడకల ఆసుపత్రిలో రెండేళ్లు రాత్రింబవళ్లు చేసినా ఆ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. ఖమ్మం నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలు బీబీనగర్ మీదుగానే పోతుంది. అక్కడి ఎయిమ్స్‌లో కొలువు గురించి మన జీఎన్ఎం పిల్లలు రైలు కిటికీలోంచి తలచుకోవలసిందే.

పట్నం దారి

ఇవన్నీ చూసి విసిగిన వారు గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ చేరుకుంటున్నారు. అక్కడ పెద్ద ఆసుపత్రుల్లో కొత్తవారిని కూడా తీసుకుంటారు. ఎందుకంటే అక్కడ అనుభవం వచ్చిన నర్సులు విదేశాలకు వెళ్లిపోతుంటారు. వారి స్థానంలోకి కొత్తవారు కావాలి. పని నేర్చుకునేందుకు అది మంచి చోటే. కానీ హాస్టలు అద్దె, తిండి, బస్సు, మెట్రో ఖర్చులు పోగా చేతిలో మిగిలేది అంతంతమాత్రం. నలుగురు, అయిదుగురు ఒక గదిలో సర్దుకుంటారు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన వారు పగలు నిద్రపోదామంటే అదే గదిలో డ్యూటీకి బయలుదేరే వారి సందడి.

ఇంట్లో వారికి ఈ కష్టం చెప్పరు. 'బాగానే ఉంది' అంటారు. కొందరు మూడు నెలలు తిరగకుండానే జబ్బు చేసి ఊరికి వచ్చేస్తున్నారు. అప్పుడు ఊళ్లో వారి మాటలు వేరుగా ఉంటాయి. 'ఏం బిడ్డా, డ్యూటీ మానేశావా?' అన్న పలకరింపు తప్పించుకునేందుకు ఇంట్లోంచి బయటకు రాని వారూ ఉన్నారు. ఉద్యోగం ఇవ్వని లోకం పని చెప్పడం మాత్రం మానదు. ఇరుగుపొరుగు వారు బీపీ చూడమని, సూది వేయమని, సెలైన్ పెట్టమని వస్తూనే ఉంటారు. డాక్టరు చీటీ లేకుండా వేయకూడదంటే, 'ఆ మాత్రం చేయనిదానికి ఎందుకు చదివావ్?' అంటారు. ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గర సాయంగా చేరమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. దిక్కులేక చేరిన వారూ ఉన్నారు. ఆ పని అనుభవం కిందికి రాదు సరికదా, రేపు ఏదైనా జరగరానిది జరిగితే రిజిస్ట్రేషన్‌కే ముప్పు.

విదేశీ ఆశ.. దళారీ వల

గల్ఫ్ దేశాల ఆసుపత్రుల్లో నర్సులకు గిరాకీ ఉన్నది. ఇక్కడ కూడా సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు. ఈ అవసరాన్నే దళారులు సొమ్ము చేసుకుంటున్నారు. లేని అనుభవానికి సర్టిఫికెట్ ఇప్పిస్తామని వేలకు వేలు గుంజుతున్నారు. ఆ కాగితాలను అక్కడి ప్రభుత్వాలు ఆసుపత్రులకు రాసి మరీ సరిచూస్తాయి. దొంగదని తేలితే మళ్లీ ఆ దేశం గడప తొక్కే అవకాశం ఉండదు.

కొందరు ఏజెంట్లు నర్సుల దగ్గర లక్షలకు లక్షలు వసూలు చేసిన ఉదంతాలు బయటపడ్డాక, 2015లో కేంద్ర ప్రభుత్వం కట్టుదిట్టం చేసింది. గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నిబంధన పెట్టింది. తెలంగాణలో ఆ పని చేసే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్. మిగతా దేశాలకు పంపే లైసెన్సు ఉన్న ఏజెంటు అయినా తీసుకోవలసిన రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. లక్షలు అడిగిన వారెవరైనా చట్టాన్ని మీరుతున్నట్లే. జర్మనీ వంటి దేశాలకు అనుభవం కన్నా ఆ దేశపు భాష ముఖ్యం. అయితే ఆ భాష నేర్చుకునేందుకే చాలా నెలలు పడుతుంది.

నాడు నర్సులు లేరు.. నేడు పోస్టులు లేవు

1946లో దేశ ఆరోగ్య పరిస్థితిపై నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ, 43 వేల మంది జనాభాకు ఒక్క నర్సు ఉన్నట్లు తేల్చింది. అప్పట్లో నర్సింగ్ చదివేందుకు ఆడపిల్లలను పంపే ఇళ్లే అరుదు. మిషనరీ ఆసుపత్రుల్లో చదువుకున్న కొద్దిమందే దిక్కు. 1947లో భారత నర్సింగ్ మండలి చట్టం వచ్చింది. క్రమంగా పాఠశాలలు, కళాశాలలు పెరిగాయి. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌లోనూ వందలాది మంది బయటకు వస్తున్నారు.

మరి అవసరం తీరిపోయిందా? లేదు. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒక నర్సు ఉండాలన్నది నర్సింగ్ మండలి కొలత. సెలవుల్లో వెళ్లే వారి కోసం అదనంగా 30 శాతం మందిని ఉంచాలి. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అంటే అక్కడి పెద్దాసుపత్రులు బోధనాసుపత్రులయ్యాయి. రాత్రిపూట ఏ పెద్దాసుపత్రి వార్డులోనైనా ఒక్కసారి నడిచి చూస్తే ఒక్కో నర్సు ఎందరు రోగులను చూస్తున్నదో లెక్క చెప్పనక్కర లేదు. పని చేసేవారు లేక వార్డులు, పని దొరకక నర్సులు. కొరత మనుషులది కాదు, పోస్టులది.

20 వేల మాట ఏమైంది?

ప్రైవేటు నర్సుల వెతలపై ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2016 జనవరి 29న కోర్టు, కమిటీ వేసి జీతభత్యాలు పరిశీలించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కమిటీ అదే ఏడాది సిఫారసులు చేసింది. 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా నర్సుకు నెలకు 20 వేలకు తగ్గరాదు. 50 నుంచి 100 పడకల వరకు ఉంటే ప్రభుత్వ నర్సు జీతం కన్నా 25 శాతానికి మించి తగ్గరాదు. 100 దాటితే 10 శాతానికి మించి తగ్గరాదు. 200 దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి.

కేరళలో నర్సులు సమ్మెలు చేసి, 2018లో 20 వేల కనీస వేతనానికి ప్రభుత్వ ఉత్తర్వు సాధించుకున్నారు. మన జిల్లాలోని చిన్న ఆసుపత్రుల్లో ఈ సిఫారసుల మాట ఎత్తేవారే లేరు. కొత్తగా చేరిన వారిలో ఆ 20 వేలలో సగం కూడా దక్కని వారు ఉన్నారు.

ఒక్క ఏడాది అవకాశం ఇస్తే..

ఎంబీబీఎస్ చదివిన వారికి చివరి ఏడాది హౌస్ సర్జన్‌గా స్టైపెండుతో పని ఉంటుంది. ఆ ఏడాదిలోనే చేయి తిరుగుతుంది, భయం పోతుంది. నర్సింగ్ విద్యార్థులకు కూడా చదువు చివరలో కొన్ని నెలల ఇంటర్న్‌షిప్ ఉన్నది. కానీ చదువులో భాగమైన ఆ నెలలను ఎవరూ అనుభవంగా పరిగణించడం లేదు.

కొత్తగా రిజిస్ట్రేషన్ అయిన నర్సులను ఒక్క ఏడాది పాటు జిల్లా ఆసుపత్రి, ఏరియా ఆసుపత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో మెరిట్ ప్రకారం గౌరవప్రదమైన స్టైపెండుతో నియమించాలని నిరుద్యోగ నర్సులు కోరుతున్నారు. పాత నర్సుల పోస్టులకు ఇది బదులు కారాదు, అదనంగా ఉండాలి. సీనియర్ సిస్టర్ల కింద పని నేర్చుకున్నాక ప్రభుత్వ ముద్రతో అనుభవ పత్రం ఇవ్వాలి. వార్డుల్లో ఒత్తిడి తగ్గుతుంది. నర్సుకు దారి దొరుకుతుంది. చేయి తిరిగిన నర్సు దొరకలేదన్న ప్రైవేటు యాజమాన్యాల ఫిర్యాదు కూడా తీరుతుంది. భద్రాచలం ఏజెన్సీలో పనిచేసేందుకు ముందుకు వచ్చే వారికి మొదటి అవకాశం ఇస్తే అడవి బిడ్డలకు మేలు.

దీంతోపాటు, ఆసుపత్రుల తనిఖీలకు వెళ్లే జిల్లా వైద్యాధికారులు పడకలు, పరికరాలతో పాటు అక్కడి నర్సుల రిజిస్ట్రేషన్ నంబర్లు కూడా చూడాలని వారు విజ్ఞప్తి చేస్తున్నారు. చదువు లేని వారితో వార్డులు నడిపే పద్ధతి ఆగితే, ఆ ఖాళీలే ఎందరికో తొలి కొలువులవుతాయి.

కొత్త నర్సులు గమనించవలసినవి

పాసైన వెంటనే నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఆలస్యం చేస్తే ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు గడువు దాటిపోతుంది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ ఆసుపత్రికీ అప్పగించరాదు. చూపించి వెనక్కి తీసుకోవాలి. నకళ్లు మాత్రమే ఇవ్వాలి.

చేరే ముందు నియామక పత్రం అడగాలి. చేరిన తేదీ, హోదా, జీతం, ఆసుపత్రిలోని పడకల సంఖ్య అందులో ఉండేలా చూసుకోవాలి. మానేసేటప్పుడు ఇవే వివరాలతో అనుభవ పత్రం తీసుకోవాలి. 50 పడకల నిబంధన ఉన్న పరీక్షలకు అది పనికొస్తుంది.

జీతం చేతికి కాకుండా బ్యాంకు ఖాతాలో వేయమనాలి. పనిచేసినట్లు రేపు రుజువుగా నిలిచేది అదే.

చదువుకునేటప్పటి కేసు పుస్తకాలు, ప్రాక్టికల్ రికార్డులు పారవేయరాదు. ఇంటర్వ్యూకు వెంట తీసుకుపోవాలి.

విదేశాలకు పంపుతామని వచ్చిన ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకున్నాకే మాట్లాడాలి. దొంగ అనుభవ పత్రాల జోలికి పోరాదు.

మళ్లీ ఒక బ్యాచ్ పరీక్షలు రాసి బయటకు వస్తుంది. తెల్లటి యూనిఫాంలో చేతిలో దీపం పట్టుకుని, రోగి సేవకే అంకితమవుతామని ప్రమాణం చేసిన పిల్లలు వారు. సేవ చేస్తామని వారు ముందుకు వచ్చారు. చేసేందుకు చోటు చూపించవలసింది ప్రభుత్వం, ఆసుపత్రుల యాజమాన్యాలే.